కాలు వదిలేవా?

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. ఇది చదివి మీరు నమ్మాలని కూడా అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మా అన్నయ్య పోయి అప్పటికి అయిదు నెలలు. గుండెపోటు. ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా లేకపోయింది. పిల్లలు లేరు, వదిన ఒక్కతే మిగిలింది. నేను ఆవిడ దగ్గరే ఉంటున్నాను. ఏడుపు మొదటి వారంతోనే అయిపోయింది. ఆ తర్వాత ఇద్దరం వండుకోవడం, తినడం, గిన్నెలు కడుక్కోవడం. ఏం తిన్నామో సాయంత్రానికి గుర్తుండేది కాదు.

నాకు డ్రైవింగ్ నేర్పింది అన్నయ్యే, కొత్తపేటలో స్కూలు మైదానంలో, తన పాత కారు మీద. ఆ బండిలో బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోతాయి.

"జారే బండికి బ్రేకే శత్రువు అమ్మాయ్. ముందు కాలు తియ్యి. చక్రం తిరిగితేనే స్టీరింగు నీ మాట వింటుంది. కాలవ వంక చూడకు, నువ్వెళ్ళాల్సిన వంక చూడు" అనేవాడు. మట్టిలో నీళ్ళు పోసి, బండిని జారించి మరీ నేర్పాడు. జారిన ప్రతిసారీ "కాలు వదిలేవా?" అని అడిగేవాడు. నేను "ఆయ్" అనాలి. అనకపోతే తిట్లు. పెద్దవాళ్ళకి పలికినట్టు బ్రేకుకి పలకడమేమిటని నవ్వేదాన్ని. వదిన ఆ మైదానానికి ఒక్కరోజూ రాలేదు. కారంటేనే ఆవిడకి తలతిప్పు.

ఏప్రిల్లో ఒక పొద్దున్న, ఆ కారునే వదిన పేరుకి మార్పించడానికి అందులోనే అమలాపురం బయలుదేరాం. పదిన్నరైంది. మంచి ఎండ.

రెండో పంట దాళవా కోతలయ్యాయి. కాలవగట్టు రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంది. మా వైపు తారు రోడ్డంటే ఊరుమ్మడి కళ్ళం. గింజల అంచు తొక్కుకుంటూ పోవడం మాకందరికీ అలవాటే. ఆ అలవాటే కొంప ముంచబోయింది. కాళ్ళతో ధాన్యం తిరగేస్తున్న ఒకావిడ మమ్మల్ని చూడక వెనక్కి అడుగేసింది. నేను స్టీరింగు తిప్పి బ్రేకు తొక్కాను, గింజల మీద.

ఆవిడ తప్పుకుంది. కారు ఆగలేదు. పక్కవాటుగా కాలవ వైపు జారిపోతోంది. ఘర్షణ పాఠం ఏటా చెప్పే నాకు ఒక్క ముక్క గుర్తురాలేదు. నీళ్ళనే చూస్తున్నాను. కాలు బ్రేకు మీద కొయ్యబారిపోయింది. భయం కూడా వెయ్యలేదు. అన్నయ్య మిగిల్చిన ఒక్క మనిషినీ నేనే ముంచేస్తున్నాను అనుకున్నాను, ఎవరి గురించో అనుకున్నట్టు.

అప్పుడు పక్క సీట్లో వదిన "ఆయ్" అంది. మామూలు గొంతుతో, వంటింట్లోంచి జవాబు చెప్పినట్టు.

నా కాలు లేచింది. నేను ఎత్తలేదు. చక్రాలు తిరిగాయి, స్టీరింగు నా మాట వింది. చూపు రోడ్డు మీదికి తిప్పాను. గట్టు అంచు దాకా పోయిన కారు మళ్ళీ తారు మీదికి వచ్చింది. మెల్లగా ఆపాను.

ధాన్యం ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "దెబ్బలేం తగల్లేదు కదండీ? నాదే తప్పండీ" అంటూ మంచినీళ్ళ సీసా అందించింది. తాగాక వదినని అడిగాను.

"ఆయ్ అని ఎవరితో అన్నావు?"

"మీ అన్నయ్యగారు వెనకాల్నించి అడిగేరు కదా, 'కాలు వదిలేవా' అని. నువ్వు పలకట్లేదు. కోప్పడతారని నేనే అన్నాను."

వెనక సీట్లో కారు కాగితాల సంచి తప్ప ఏమీ లేదు. నాకు ఏ మాటా వినపడలేదు. అన్నయ్య ఎప్పుడైనా ఇంట్లో ఆ మాట అంటే వదిన విని ఉంటుందని సరిపెట్టుకోవాలని చూశాను. విన్నదే అనుకుందాం. బ్రేకేదో క్లచ్చేదో తెలియని మనిషి సరిగ్గా ఆ క్షణంలో ఎలా పలికింది? నా కాలు ఎవరు ఎత్తారు? ఇప్పటికీ నాకు తెలియదు.

అమలాపురంలో రవాణా ఆఫీసు ముందు కారు ఆపాక వదిన వెనక్కి తిరిగి ఆ సీటు వంక చాలాసేపు చూసింది.

"అయిదు నెలలకి వచ్చేరు. నీ కాలు సంగతి అడిగేరు. నన్నొక్క మాట అడగలేదు, చూడు" అంది.

కాగితాల సంచి తీసుకుని ఇద్దరం లోపలికి వెళ్ళాం.