కాలివ్వని గుర్రం

మా అమ్మాయికి గుర్రపు స్వారీ నేర్పించాలన్నది నా ఆలోచన కాదు. వసంత్ కుంజ్‌లో మా బ్లాక్ పిల్లలందరూ ఏదో ఒకటి నేర్చుకుంటున్నారు. పియానో కన్నా గుర్రమే నయం, కనీసం మా ఇంట్లో ఉండదు కదా అని ఒప్పుకున్నాను. అలా ప్రతి ఆదివారం పొద్దున్నే గురుగ్రామ్ అవతల ఒక ఫామ్‌కి నా డ్రైవరు ఉద్యోగం మొదలైంది.

అక్కడ మా అమ్మాయి మనసిచ్చింది ఒక ముసలి ఆడగుర్రానికి. నాతో రెండు ముక్కలు మాట్లాడటానికి బద్ధకించే పిల్ల, దాని చెవిలో ఆపకుండా ఏవేవో చెప్పేది. నాకు కుళ్లుగానే ఉండేది.

ఆ గుర్రంతో ఒకటే చిక్కు. గిట్టలు చెక్కే మనిషి వస్తే ముందు కాళ్లు మర్యాదగా ఇచ్చేది, వెనక కాలు పట్టుకుంటే మాత్రం తన్నేది. చెక్కక గిట్టలు పెరిగి, అంచులు చీలుతున్నాయి. ఫామ్ నడిపే అంకుల్ విసిగిపోయి, ఈసారి కూడా తంతే పెళ్లి ఊరేగింపుల వాళ్లకి అమ్మేస్తానన్నాడు. దానికి ఆటిట్యూడ్ ప్రాబ్లం ఉందట. ఆ మాట నాకు కొత్త కాదు, మా ఆఫీసులో ఏటా నా గురించి అనేదీ అదే. మా అమ్మాయి ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు.

ఆదివారం గిట్టలు చెక్కే అతను వచ్చాడు, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూ. వెనక కాలు పట్టి తన తొడ మీదికి లాగాడు. గుర్రం తన్నింది. అతను ఎగిరి పక్కకి గెంతాడు గానీ ఫోను మాత్రం ఆపలేదు.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండొచ్చు. కానీ ఒంగోలు వైపు పుట్టినదాన్ని, పశువుల మాట వస్తే ఊరుకోవడం మా ఒంట్లో లేదు. మా ఊళ్లో ఎద్దులకి నాడాలు కొట్టేటప్పుడు తాళ్లేసి కింద పడేస్తారని గొప్పగా చెప్పాను. అంకుల్‌కి అది మహా నచ్చింది. తాడు తెమ్మని కేకేశాడు. మా అమ్మాయి నా వంక చూసిన చూపుకి నా గొప్పంతా దిగిపోయింది.

తాడు వచ్చేలోగా ఏదో ఒకటి చెయ్యాలి. చేతగాక గోడకి ఆనుకుని నిలబడ్డాను. చూస్తే గుర్రం కూడా అవతలి గోడకి ఆనుకునే ఉంది. గిట్టలు చెక్కే అతను మళ్లీ దాని వెనక కాలు పైకెత్తాడు. కింద ఆనిన రెండో కాలు సన్నగా వణుకుతోంది. ఆ వణుకు నాకు తెలుసు. యోగా క్లాసులో ఒంటికాలి మీద నిలబెట్టినప్పుడు నా కుడి మోకాలికి వచ్చేది అదే. నాకూ తన్నాలనిపిస్తుంది, చదువుకున్నదాన్ని గనక నవ్వి ఊరుకుంటాను.

దానిది పొగరు కాదు, నొప్పి అన్నాను. చదునైన నేల మీదికి తెచ్చి, కాలు కొంచెమే ఎత్తి, అది లాక్కోకముందే దించెయ్యమన్నాను. మీరు డాక్టరా అని అడిగాడు అంకుల్.

"కాదు. నాకూ మోకాళ్లున్నాయి," అన్నాను.

గిట్టలు చెక్కే అతను మొదటిసారి ఫోను ఆపాడు. అంత కిందికి వంగితే తన నడుం పోతుందన్నాడు. అక్కడ అందరికీ ఎక్కడో ఒకచోట నొప్పే, పొగరని పేరు వచ్చింది మాత్రం గుర్రానికి. చివరికి సణుగుతూనే పొట్టి చెక్కదిమ్మ ఒకటి తెచ్చి, గిట్ట దాని మీద ఆనించి చెక్కాడు. కాస్త చెక్కడం, దించడం, ఆగడం. మా అమ్మాయి పగ్గం వదులుగా పట్టుకుని, మెడ గోకుతూ, నెమ్మదిగా, తొందరేం లేదని హిందీలో చెబుతూనే ఉంది. పొద్దంతా పట్టింది. గుర్రం తల వాల్చి, కళ్లు సగం మూసుకుని నిలబడింది. రెండో వెనక కాలు అడక్కముందే కాస్త లేపింది. తాడు వచ్చి ఊరికే ఒక మూల పడి ఉంది. ఇది మంచి గుర్రమని తను మొదటినుంచీ అంటూనే ఉన్నానన్నాడు అంకుల్.

మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఎప్పుడూ మా అమ్మాయి ముందే పైకి పరుగెత్తి, ఇంకా రాలేదేమని అరుస్తుంది, నేను కింద నుంచి తిడతాను. ఆ రోజు కూడా ముందే పరుగెత్తింది. సగం మెట్ల దగ్గర నేను గోడ పట్టుకుని ఆగాను. పైన అడుగుల చప్పుడు ఆగింది, మళ్లీ కిందికి వచ్చింది. నా చేతిలో సంచి తీసుకుని పక్కన నిలబడింది.

"ఆరామ్ సే, మమ్మీ. కోయీ జల్దీ నహీ," అంది.

గుర్రానికి చెప్పిన మాటలే. కోప్పడాలనే అనుకున్నాను, కళ్లు తడిశాయి. మిగతా మెట్లు తన్నకుండా ఎక్కాను.