కొండ రోడ్డు మీద ఇసుక కంచె

ఈ శుక్రవారం కువైట్‌లో వాన పడింది. హవల్లీలో ఎక్కిన బస్సు అబూ హలీఫా ఇంకా సగం దూరం ఉండగానే నీళ్ళలో ఆగిపోయింది. ఒళ్ళో కడప నుంచి అన్న పంపిన కారప్పొడి మూట, కిటికీ బయట ఎటూ పోలేక నిలిచిపోయిన నీళ్ళు, రెండూ చూస్తుంటే మళ్ళీ ఆ బొలీవియా రోడ్డు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. నేను జగిత్యాల నుంచి సివిల్ డిప్లొమా పట్టుకుని వచ్చిన కొత్తలో, హవల్లీలోని మా చిన్న డ్రాయింగ్ ఆఫీసులో నాకు పని నేర్పిన సీనియర్. వదిన అబూ హలీఫాలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఆ ఇంటి మామా, అదే యజమానురాలు, శుక్రవారం సాయంత్రం ఇచ్చే కాసేపటి సెలవు కోసమే అన్న వారమంతా ఎదురుచూసేవాడు. భార్యాభర్తలు ఒకే దేశంలో ఉండగలగడం అనే ఆ ఒక్క సుఖమూ ఆయన ఇఖామా మీదే, ఆ నివాస పర్మిట్ మీదే నిలబడి ఉండేది.

అప్పుడే చేతులు మారి మారి మా దాకా బొలీవియా పని వచ్చింది. సముద్రం లేని దేశం అది. పైగా అక్కడి రైలు మార్గాలు రెండు ముక్కలు: పడమటి కొండల్లో ఒకటి, తూర్పు మైదానంలో ఒకటి, దేశం లోపల ఎక్కడా కలవవు. ఇటు రైలు దిగిన సరుకు అటు రైలు ఎక్కాలంటే లారీల్లో కొండలు దిగాల్సిందే. అలాంటి దారిలో ఒక ముక్కకు, సముద్రం ఉండి రైలు లేని కువైట్‌లో కూర్చుని మేం డ్రాయింగులు గీశాం.

గీశాం అనడం కూడా ఎక్కువే. మా ఆఫీసులో కొత్త పని అంటే పాత ఫైలు కాపీ కొట్టి పేరు మార్చడం. సులైబియా అవతలి ఎడారి రోడ్డు షీట్లే బొలీవియా షీట్లయ్యాయి. వాగులు దాటే చోట తూములు లేవు గాని, ఇసుక మేట వేయకుండా రోడ్డు పక్కన కంచె కట్టాలన్న నోట్ మాత్రం పదిలంగా ఉంది, నెలల తరబడి వాన కురిసే ఆ అడవి కొండ మీద! అన్న ముందు పడీపడీ నవ్వాడు. తర్వాత ఎర్ర పెన్నుతో ప్రతి వాగునూ చుట్టి, షీట్లు తీసుకెళ్ళి మేనేజర్ బల్ల మీద పెట్టాడు.

మేనేజర్ గోదావరి వైపు మనిషి. "నీకెందుకయ్యా ఆ గోల? వాళ్ళేవన్నా ఇక్కడికొచ్చి అడుగుతారా? చెక్ చేశానని సంతకం పెట్టేసెయ్, యల్లా!"

"నీళ్ళు యాడికి పోతాయో సెప్పు సారూ, పెడతా."

"అయితే ఖలాస్. నీ ఇఖామా ఇంక రెన్యువల్ చెయ్యం."

నేను బయట పట్టుకుని బతిమాలాను. "వదిన మొఖం చూసన్న పెట్టరాదే అన్నా."

"దాని మొగం సూసే పెట్టల్యా. పెట్టొచ్చినానని తెలిస్తే అది నాకు కూడు పెడతాదేమిరా?"

నెల తిరక్కుండా ఆయన్ని విమానం ఎక్కించారు. వదిన ఇక్కడే ఉండిపోయింది, కాంట్రాక్టు తెగలేదు. షీట్లు తూములు లేకుండానే వెళ్ళాయి. ఆ రోడ్డు వేశారో లేదో, వేస్తే ఏ వానకు కొట్టుకుపోయిందో నాకు తెలియదు.

తర్వాత చాలా మారాయి. ఆఫీసు పెద్ద అంతస్తుకి మారింది, సాఫ్ట్‌వేర్ మారింది, మేనేజర్ కారు మారింది. పాత ఫైలు కాపీ కొట్టడం ఒక్కటే మారలేదు. అందుకే ఈనాటికీ మేం పంపే ప్రతి షీటు మూలన, ‘చెక్ చేసినవారు’ అనే గడిలో, ఒకప్పుడు ఆ పాత ఫైళ్ళు చెక్ చేసిన అన్న పేరే అచ్చవుతోంది. సంతకం పెట్టనన్నందుకు వెళ్ళగొట్టిన మనిషి పేరు! నా చేతికొచ్చిన షీట్లలో తుడిచేస్తాను. మరుసటి ఫైల్లో మళ్ళీ వస్తుంది.

బస్సు ఇక కదలదన్నారు. మూట నెత్తిన పెట్టుకుని నీళ్ళలోకి దిగాను. సెలవు అయ్యేలోగా వదినకు అందించాలి.