పెట్టె తీసిన ఊపిరి

ఈ సంగతి రాసిపెట్టకపోతే ఇక ఎవరికీ తెలియకుండా పోతుందని పోయిన ఆదివారం ఉదయగిరిలో నాకు తోచింది. పిన్నమ్మను చూద్దామని ఆత్మకూరు నుంచి వెళ్ళాను. వాళ్ళింటి ఎదుట ఖాళీ స్థలంలో, జలదంకి నుంచి ఈమధ్యే ఆ వీధికి కోడలిగా వచ్చిన అమ్మాయి పిల్లలకు కోలాటం నేర్పిస్తోంది. ఫోనులో పాట నడుస్తోంది. ఒక చరణం ముగిసి, అందరూ వెనక్కి తిరగాల్సిన చోట ఆ అమ్మాయి నోటితో ‘హుస్స్’ మని గాలి లాగింది. పిల్లలంతా ‘హుస్స్’ మని తిరిగారు. “ఆ శబ్దమేందమ్మా?” అని అడిగాను. “అది మా జట్టు పద్ధతక్కా. పూర్వకాలం నుంచి ఉండాది. పెద్దోళ్ళు పెట్టినారు,” అంది ఎంతో భక్తిగా. నేను నవ్వు ఆపుకున్నాను. ఆ పూర్వకాలం వయసు నా దుకాణంలోని కుట్టుమిషను వయసు కంటే తక్కువ. ఆ ‘హుస్స్’ పుట్టింది నా కుడిచేతి బొటనవేలి కింద.

నేను ఆత్మకూరులో బట్టలు కుడతాను. పదో తరగతితో బడి ఆగిపోయింది కాబట్టి మా శాఖా గ్రంథాలయమే నా కాలేజీ. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు వెళ్ళి, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పక్కన పెట్టుకుని, అట్ట ఊడిపోయిన పుస్తకాలు కూడా వదలకుండా చదివేదాన్ని. ప్రపంచ దేశాల నాట్యాల గురించిన ఒక లావుపాటి పుస్తకంలో, తెల్లబట్టలు వేసుకుని, మోకాళ్ళ కింద గజ్జెలు కట్టుకుని, చేతుల్లో కర్రలతో ఎదురెదురుగా నిలబడ్డ మగవాళ్ళ బొమ్మ కనబడింది. ముందు మన కోలాటమే అనుకున్నాను. తీరా చదివితే అది ఇంగ్లండు పల్లెల్లో ఆడే మోరిస్ నాట్యమట. పక్కన ఒకాయన రెండు చేతుల మధ్య ఆరుమూలల పెట్టెను సాగదీస్తున్నాడు. దాన్ని ఆంగ్లో కాన్సర్టీనా అంటారు. మన హార్మోనియానికి బుల్లి చుట్టం. ఒకే మీటను, తిత్తి మూస్తూ నొక్కితే ఒక స్వరం, తెరుస్తూ నొక్కితే ఇంకో స్వరం పలుకుతుంది. ఆంగ్లో అన్నారు కదా, పూర్తిగా ఇంగ్లీషు వాళ్ళదే అనుకోకూడదు. అందులో జర్మనీ వాళ్ళ పనితనం కూడా ఉంది. ఈ మాట మా ఊళ్ళో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదని కొన్నాళ్ళు కాస్త గర్వంగా తిరిగాను. ఎవరూ అడగలేదనుకోండి.

ఇక పిన్నమ్మ. ఉదయగిరి ఆడవాళ్ళ కోలాటం జట్టుకు ఆమె గురువు. పాట ఆమెదే, పెత్తనమూ ఆమెదే. ఏ జట్టులోనైనా తిరుగుడుకు ఈల వేస్తారు, లేదా కేక పెడతారు. మా పిన్నమ్మ ఏమీ చేయదు. చరణం చివర గట్టిగా ఊపిరి పీలుస్తుంది. ఆ పీల్పు వినబడగానే ఆడవాళ్ళు చటుక్కున తిరుగుతారు. అల్లరి బుద్ధి పుట్టిన రోజున ఆ ఊపిరిని సాగదీసేది. అందరూ కోలలు గాల్లో ఎత్తి, ఎప్పుడు దిగుతుందా అని నవ్వు ఆపుకుంటూ ఎదురుచూసేవాళ్ళు.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. నెల్లూరులో ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. గుసగుస ఒక్కటే మిగిలింది, ఆ పీల్పు చప్పుడూ పోయింది. జట్టులో వాళ్ళు ప్రేమగానే అన్నారు, “అత్తా, నువ్వు కుర్చీలో కూర్చో. స్పీకరు పెట్టుకుంటాం” అని. పిన్నమ్మ రెండు రోజులు చూసింది. స్పీకరు పాడుతూనే ఉంది, వీళ్ళు ఒకరు ముందు, ఒకరు వెనక తిరుగుతూనే ఉన్నారు. నా చెవి దగ్గరికి వచ్చి, “అది ఊపిరి తీసుకోదు మే. వీళ్ళెట్ల తిరగతారు?” అంది. తర్వాత తన కోలలు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది. అన్నం సగం తిని లేవడం అప్పుడే మొదలయింది. వింజమూరు తిరునాళ్ళకు జట్టును పిలిచినా రానంది.

అప్పుడు నాకు బొమ్మలోని పెట్టె గుర్తొచ్చింది. దానికి తిత్తి ఉంది, అంటే ఊపిరి ఉంది. మా బావ లారీ తోలుతాడు. మద్రాసులో పాతసామాన్ల దుకాణాలు వెతకమని ఫోనులో బొమ్మ పంపాను. తెచ్చి నా మిషను మీద పెట్టి, “దీనికోసం మూడు దుకాణాల్లో నన్ను పిచ్చోడిని చూసినట్టు చూసినారు. ఏందే ఇది, ఎలుకలబోనా?” అన్నాడు. తిత్తి మడతల్లో చిరుగులు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే భాయ్ విరిగిన మీటలకు కొత్తవి చెక్కి పెట్టాడు. చిరుగులకు మేకతోలు నేనే కుట్టాను. వాయించడం ఫోనులో ఇంగ్లండు ముసలాయన ఒకరి పాఠాలు చూసి నేర్చుకున్నాను. పిన్నమ్మ పాటలు ముందు ప్రయత్నించాను, పలకలేదు. మన పాటలో స్వరం ఊగుతుంది, ఈ పెట్టెలో మీట నొక్కితే కదలకుండా నిలబడుతుంది. అందుకని ఆయన నేర్పే మోరిస్ బాణీలే పట్టుకున్నాను. వాటిలో ఒకటి మూడు దెబ్బల నడకలో, అచ్చం మా వాళ్ళ అడుగులానే గెంతుతుంది.

మొదటి సాధనకు పిన్నమ్మను బతిమాలి బయటికి తెచ్చాను. వాయిద్యం మొదలుపెట్టగానే జరిగింది చూడాలి. ఈ పెట్టెలో రెండు మూడు స్వరాలకొకసారి తిత్తి దిశ మారక తప్పదు. ఏళ్ళ తరబడి ఊపిరిని బట్టి తిరగడం అలవాటైన ఆడవాళ్ళు, తిత్తి తెరుచుకున్నప్పుడల్లా గురువు ఊపిరి తీసిందనుకుని తిరిగారు. ఇటు తిరిగి, మళ్ళీ అటు తిరిగి, కోలలు వేళ్ళ కణుపుల మీద పడి, వరస చెదిరిపోయింది. “అక్కా, నీ పెట్టెకి ఆయాసం ఉండాది. ముందు ఆస్పత్రికి తీసకపో!” అని ఒకామె వేళ్ళు ఊదుకుంటూ అరిచింది. అందరూ నవ్వారు. పిన్నమ్మ నవ్వలేదు. లేచి ఇంట్లోకి నడిచింది.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. పెట్టె మూసేద్దామని గాలిమీట నొక్కాను. స్వరం పలకకుండా తిత్తిలో గాలిని వదలడానికో, నింపడానికో కుడి బొటనవేలి కింద ఉండే మీట అది. ‘హుస్స్’ మంది. పక్కన చెంబెత్తి నీళ్ళు తాగుతున్న ఆవిడ, ఆ చప్పుడుకు చెంబుతో సహా గిర్రున తిరిగింది. నీళ్ళు పక్కావిడ మీద పడ్డాయి. గడపలో పిన్నమ్మ ఆగింది. వెనక్కి వచ్చి, “ఇంకోతూరి,” అంది. నేను తిత్తి తెరుస్తూ నొక్కాను. ఇంకోసారి నొక్కమంది. ఆ తర్వాత నా కొంగు తీసి, తిత్తి ఎవరికీ కనబడకుండా పెట్టె మీద కప్పింది. “చూడబాకండి, వినండి” అని జట్టుకు చేత్తో చెవి చూపించింది. నన్ను తనకు ఎదురుగా నిలబెట్టుకుని తన రొమ్ము మీద చెయ్యి వేసుకుంది. తన ఊపిరి చూసి మీట నొక్కమని. వాయించేవాడి కళ్ళు మీటల మీద కాదు, ఎగిరేవాళ్ళ మీద ఉండాలని ఆ లావుపాటి పుస్తకంలో చదివాను. చదివినప్పుడు అర్థమైందనే అనుకున్నాను.

వింజమూరు తిరునాళ్ళలో జట్టు మధ్యన నిలబడింది పిన్నమ్మే. అటక మీది కోలలే చేతిలో. ఇంగ్లండు బాణీ, మా అడుగు, ఆమె ఊపిరి. చివరి చరణం అయింది. ఆమె రొమ్ము ఎగసింది, నేను గాలిమీట నొక్కాను. ఆమె ఊపిరి ఆపలేదు. పీలుస్తూనే ఉంది, కళ్ళల్లో పాత అల్లరి. నా తిత్తి చేతులు చాచినంత మేర సాగింది, ఇంక సాగదు. కోలలన్నీ గాల్లో ఉన్నాయి. అప్పుడు తల ఊపింది. కోలలన్నీ ఒక్కటే దెబ్బగా పడ్డాయి. ఆ రాత్రి బావ తెచ్చిన దోసెలు పూర్తిగా తిని, ఇంకోటుందా అని సైగ చేసింది.

తర్వాత మోకాళ్ళ నొప్పులతో పిన్నమ్మ ఆట మానింది, నేనూ ఆత్మకూరు వదిలి అస్తమానం వెళ్ళలేకపోయాను. పెట్టె నా దగ్గరుంది, ‘హుస్స్’ జట్టు నోట అక్కడ మిగిలింది. పోయిన ఆదివారం ఆ అమ్మాయి మాట చెబితే పిన్నమ్మ శబ్దం లేకుండా చాలాసేపు నవ్వి, “చెప్పబాక మే. పూర్వకాలమనే ఉండనీ,” అంది. ఆ అమ్మాయికి చెప్పలేదు. రాయొద్దని మాత్రం పిన్నమ్మ అనలేదు.

ఇంతవరకూ వరసలతోనే పిలిచాను, చివర పేర్లు చెప్పడం మర్యాద. మద్రాసులో పిచ్చివాడనిపించుకున్న మా బావ పెంచలయ్యకు, డబ్బు అడగకుండా మీటలు చెక్కిన ఖాదర్ బాషా భాయ్‌కి, గడువు దాటినా ఆ లావుపాటి పుస్తకం నా దగ్గరే ఉండనిచ్చిన గ్రంథాలయం శారదమ్మగారికి, నీళ్ళ చెంబుతో తిరిగిన రమణమ్మకు, తన ఊపిరిని నా చేతికిచ్చిన మా పిన్నమ్మ సుబ్బరత్నమ్మకు నమస్కారాలు. జలదంకి అమ్మాయి పేరు మౌనిక. ఆమెకూ నమస్కారం. ఏదైనా పూర్వకాలం కావడానికి వందల ఏళ్ళు గడవనక్కర్లేదని, అప్పుడు అక్కడ లేని మనిషి ఒకరు వచ్చి దాన్ని అందుకుంటే చాలని నాకు నేర్పింది ఆమే.