అక్క చెరుకుకు బాట

ఈ మధ్య అబద్ధాలు చెప్పడానికి కూడా ఓపిక ఉండటం లేదు. ఒకప్పుడైతే, నా కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాం సముద్రం అడుగున తిమింగలాలకు దారులు సర్దిపెడుతుందని, మన చెరుకు దానికి చిటికెలో పని అని ఊళ్ళో చెప్పి తిరిగేవాణ్ణి. చెరుకు కొట్టే కూలీల టోలీని మహారాష్ట్ర నుంచి తెచ్చే ముకద్దం అది నమ్మి, తిమింగలం దారి తప్పితే ఏం చేస్తారని అడిగాడు. జరిమానా వేస్తారన్నాను.

అసలు సంగతి అంత గొప్పది కాదు. నిజామాబాద్‌లో నాకు చిన్న జిరాక్సు దుకాణం ఉంది. కొన్నేళ్ల కింద ఒక కాలేజీవాళ్ళు టైంటేబుల్ వేసిపెట్టమంటే ఈ ప్రోగ్రాం నేర్చుకున్నాను. ఓపెన్ సోర్సు. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు. మన షరతులన్నీ రాసిస్తే, అన్నీ నిలిచే ఏర్పాటు ఒకటి వెతికి ఇస్తుంది. అది రుద్రూర్ దగ్గరి మా ఊరివాళ్ళ చెవిన పడింది. అప్పటినుంచి ఎవరి చెరుకు ఎప్పుడు కొట్టాలో వరుస వేసే పని నా మెడకు చుట్టుకుంది.

టోలీ ఒక్కటే, రైతులు చాలామంది. మావాళ్ళకు బజార్లో బేరం చేసిన అలవాటు. ఏది అడిగినా పైనుంచి మొదలుపెడతారు, కిందికి దించేవాడు దించుతాడని. శివరాత్రి దాకా ఆగగలిగినవాడు కూడా, ఈ వారం దాటితే నా చెరుకు కట్టెలకు పనికొస్తుందంటాడు. కంప్యూటర్‌కు బేరం తెలియదు, అన్నదంతా నిజమనుకుంటుంది. అందుకని ఒక్కొక్కరి మాటలో కొంత కోసి రాసేవాణ్ణి. ఎంత కోయాలో నాకు తెలుసు. ఆ విద్యలో నాకు అనుభవం ఉంది.

కోయకుండా రాసింది ఒక్కటే, మా పెద్దమ్మ బిడ్డ మాట. బావ పోయిన తరవాత అక్క ఒక్కతే సేద్యం చేసుకుంటోంది. ఆమె చెరుకు మడి లోపలెక్కడో ఉంది. ట్రాక్టరు అక్కడికి పోవాలంటే రెండే దారులు. ఒకటి కాలువ పక్క వరి మడిలోంచి, రెండోది ఆమె మరిది గట్టు మీద నుంచి. వదినా మరుదులకు పంపకాలప్పటి నుంచి మాటల్లేవు. "వాని గట్టు మీదికెల్లి నా బండి పోదు, రాస్కో" అంది. రాసుకున్నాను.

ఈ ఏడు ప్రోగ్రాం 'కుదరదు' అంది. పాత వెర్షన్‌తో అదే బాధ. కుదరదంటుంది, ఎందుకో చెప్పదు. హోళీ దగ్గర పడుతోంది. టోలీ వెళ్ళిపోతే ఇంకొకటి దొరకదు. అక్క చెరుకు నిలువునా ఎండిపోతుంది. ఆ మడే ఆమెకు ఏడాది తిండి.

ఆ వారమే కొత్త వెర్షన్ విడుదలయింది. ఏం మారిందో రాసిన పేజీలు దుకాణంలో ఆవులిస్తూ చదివాను. అంతకుముందు కంటే వేగం అని ఎప్పుడూ రాసేదే. మధ్యలో ఒక చిన్న మాట ఉంది. ఇకమీదట కుదరనప్పుడు, ఏయే షరతులు కలిసి నిలవడం లేదో, మనం వాటికి పెట్టుకున్న పేర్లతో సహా చూపిస్తుందట. దింపుకుని, లాప్‌టాప్ సంచిలో వేసుకుని, బస్సెక్కి అక్క ఇంటికి పోయాను.

అక్క వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. పక్కనే కూర్చుని ప్రోగ్రాం నడిపించాను. కలిసి నిలవనివంటూ మూడు వరుసలు వచ్చాయి. టోలీ హోళీకి ఇంటికి. కాలువ పక్క వరి పచ్చిది. అక్క పంతం.

పేర్లు పెట్టింది నేనే. అవి ఎప్పటికైనా బయటపడతాయని అనుకోలేదు.

"ఏమంటుందిరా నీ మిషిను?"

"కొత్తది గదక్కా. బోధన్ దాటినంక దానికి గాలి సరిపడ్తలేదంట."

"గాలి సరిపడకుంటనే గన్ని అక్షరాలు రాసిందా. ఇటు జరుపు."

కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి చదివింది.

"అక్క అంటే నేనేనా?"

"ఊర్ల చాన మంది అక్కలున్నరు."

"పంతమని ఎవలు రాసిన్రు?"

"మిషిన్."

"మిషిన్‌కు తెలుగొచ్చా, నీకొచ్చా?"

నేను చింతగింజలు ఏరడం మొదలుపెట్టాను. కాసేపటికి అడిగింది.

"వరి ముందుగాల కొయ్యరా?"

"పచ్చిగున్నది. ఉగాది దాటాలె."

"ముకద్దం ఆగడా?"

"అడిగిన. ఇంటికాడ పిల్లలు ఎదురు సూస్తున్రంట."

"ఆగుమనకు. ఇగ మిగిలింది నేనే." డబ్బాలో పప్పు అయిపోయిందన్నట్టు అంది. "గది తీసెయ్."

దారి పొడుగునా బస్సులో మూడు అబద్ధాలు తయారు చేసుకుని వచ్చాను. ఒక్కటీ అక్కర్లేకపోయింది. సంతోషం రావాలి, ఒళ్ళంతా అలసట వచ్చింది. ఆ వరుస కొట్టేసి మళ్ళీ నడిపించాను. అక్క చెరుకు బేస్తవారం కొట్టాలని ప్రోగ్రాం వెంటనే చెప్పింది.

"మిషిన్ ఒప్పుకుంటే అయితదా, గట్టు ఆయనది. నువ్వు ఫోన్ చెయ్యి. నేను మాట్లాడ."

స్పీకర్ పెట్టి, ఇద్దరికీ మధ్య కూర్చున్నట్టు ఫోను చేతిలో పట్టుకున్నాను.

"బావా, అక్క బండి నీ గట్టుకెల్లి పోవాలె."

"ఎవలంటున్రు బావా?" అన్నాడు ఆమె మరిది.

"కంప్యూటర్."

"కంప్యూటర్‌కు నేను బాటియ్య. వదినె అడిగిందా?"

అక్క తల అడ్డంగా ఊపింది.

"అక్క ఇంట్ల లేదు."

"లేనామె దగ్గుతుంది గదా."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"ఆ దిక్కు విత్తనం చెరుకున్నది. టైర్లు దాని మీద పడొద్దు."

"పడయి," అంది అక్క, నాతో కాదు. "బండి ముంగట నేను నడుస్త."

ఆయనా నన్ను వదిలేసి అడిగాడు.

"ఎన్నింటికి?"

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది.

"పొద్దుగాల, మంచు ఆరినంక."

"సరే వదినె. గట్టుకు అడ్డమేసిన ముండ్ల కంప తీసి పెడ్త."

"మొత్తం తియ్యకు. బండి పట్టేంత తియ్యి."

"పట్టేంత అంటే ఎంత? మొత్తం తియ్యకుంటే బండెట్ల తిరుగుతది?"

"నేను తిప్పిస్త. నువ్వు చెప్పినట్లు తిరిగితే కాల్వల పడ్తది."

అక్కడినుంచి ట్రాక్టరు ఎడమకు తిరగాలా, కుడికా అని ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఫోను ఇద్దరికీ అందేలా ఎత్తి పట్టుకునే ఉన్నాను. చెయ్యి లాగుతున్నా దించలేదు.