పడవలను ఆపినాయన

గద్వాల నుంచి వనపర్తి వెళ్లే బస్సులో ఫోన్‌లో ఒక వీడియో చూస్తున్నాను. మనుషులను మోసుకొచ్చిన అంతరిక్ష నౌక పారాచూట్లతో సముద్రంలో దిగింది. వెంటనే చూడటానికి వచ్చినవాళ్ల పడవలు దాని చుట్టూ మూగాయి. నౌకలో మిగిలిన ఇంధనపు ఆవిరి పీలిస్తే ప్రాణానికే ముప్పట. కాపలా పడవ మీద ఒకాయన చేతులూపుతూ వాళ్లను వెనక్కి పొమ్మంటున్నాడు.

"ఇంత దూరమొచ్చినోళ్లను జర చూడనిస్తే ఏం పోతది? పెద్ద పెత్తనం," అన్నాను, పక్కసీటామెకు వినబడేలా.

ఆమె కూడా అప్పటిదాకా నా ఫోనే చూస్తోంది.

"మేము చేపలు పట్టెటోళ్లం సారు. పోయిన వరదకు, ఈత వస్తదని పోలీసోళ్లు మా పిలగాన్ని బీచుపల్లి కాడ కృష్ణ ఒడ్డుకు, జనానికి అడ్డంగ తాడు పట్టుకొని నిలవెట్టిండ్రు. దగ్గరికి పోవద్దంటే, నది నీ అయ్యదా అన్నరంట. తాడు దాటి ఫోటో దిగుతుంటే ఒకామె జారింది. వీడు దుంకిండు. ఆమెను ఒడ్డుకు నూకిండు. మావోడు ఇంక దొరకలే."

సిగ్గుతో ఫోన్ ఆపబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనియ్యి సారు. ఆ పడవలు ఎనుకకు పోయినయా?"

"పోయినయమ్మా."

"పొమ్మన్నాయన?"

వీడియోలో ఆయన్ని మళ్లీ చూపించలేదు.

"ఆయన గూడ ఇంటికి పోయిండు," అన్నాను.

బస్సు బీచుపల్లి వంతెన ఎక్కింది. నిండుగా పారుతున్న కృష్ణను చూడటానికి అందరూ కిటికీల వైపు వంగారు. నేనూ లేవబోయాను.

ఆమె నా చేయి ఇంకా వదల్లేదు.