సువార్తమ్మ గారు బీటు ఆపిన చోట

మొన్న దర్శి దగ్గర ఒక ఊళ్ళో మాట్లాడటానికి వెళ్ళాను. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా వేదిక మీదివాళ్ళం, కిందివాళ్ళం కులమతాల తేడా లేకుండా దగ్గుతున్నాం. ఇంతలో మైకు ఆయన యాంప్లిఫయర్ స్విచ్చి వేశాడు. సౌండుబాక్సుల్లోంచి ‘దుబ్’మని మోత. ఆ మోతా, ఈ ఘాటూ కలిసేసరికి సువార్తమ్మ గారు పక్కన నిలబడ్డట్టే అనిపించింది. కొన్నేళ్ళ కిందట ఇదే ఊళ్ళో, నాంచారమ్మ అనే ఒంటరి ముసలావిడను ఉండనిస్తారా, తరిమేస్తారా అన్నది తేలాల్సిన సాయంత్రం, ఆమె నిజంగానే నా పక్కన ఉన్నారు.

మీరు ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి, నేత చీర. చెప్పులు విడిచి కీబోర్డు ముందు నిలబడేవారు. ఆదివారం చిలకలూరిపేటలో చర్చి, మిగతా రోజులు పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు. జనం నోళ్ళలో నలిగిన సినిమా పాటకే తన సొంత బీటు కట్టి కొత్తగా వినిపించేవారు. అది దేవుడిచ్చిన వరమని అందరూ అనేవారు. నేను ఒప్పుకోను. ఏళ్ళ తరబడి ఆమె చేసిన సాధనను తీసుకెళ్ళి దేవుడి ఖాతాలో వేయడం అన్యాయం.

ఆమెను మొదట కలిసింది పోట్లాడటానికే. ఒక తిరునాళ్ళలో, రంగు దీపాలు కట్టిన ఎత్తైన విద్యుత్ ప్రభల వరసకు కాస్త ఎడంగా మా హేతువాద సంఘం సభ పెట్టింది. మూఢనమ్మకాల మీద యుద్ధం ప్రకటించాం. యుద్ధానికి ఎవరూ రాలేదు. ఊరంతా ఆమె ఆర్కెస్ట్రా ముందే ఉంది. పాటకూ పాటకూ మధ్య వేదిక వెనక్కి వెళ్ళాను.

“సౌండ్ కాస్త తగ్గించండి. అక్కడ మేం మాట్లాడుతున్నాం.”

“ఎవరితోనమ్మా?” అన్నారు.

నా మొహం చూసి నవ్వేశారు. “కోప్పడకు. నేను తగ్గిస్తే వీళ్ళు ఇళ్ళకు పోతారుగానీ నీ దగ్గరికి రారు. ఇక్కడే నిలబడి చూడు.”

చూశాను. కీబోర్డులో బీటు మొదలైంది. ఒక్కో దరువు మీద మరో దరువు ఎక్కిస్తూ పోయారు. జనం చప్పట్లు కొడుతూ ఊగిపోతున్నారు. సరిగ్గా అప్పుడు బీటు ఆపేసి రెండు చేతులూ పైకెత్తేశారు. కానీ పాట ఆగలేదు. పత్తి మిల్లు కూలీలు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, చప్పట్లతోనే పాటను చివరిదాకా మోసుకుపోయారు. ఆమె మాత్రం చేతులు దించకుండా, తల వంచి వింటున్నారు.

మర్నాడే సువార్తమ్మ గారింటికి వెళ్ళాను. రాత్రి ఎవరూ వినని ఆ ఉపన్యాసం తనకు ఇమ్మన్నారు. ఇచ్చాను, ఆవేశంగానే. టీ గ్లాసు కింద పెట్టి అన్నారు: “ప్రశ్న నువ్వే అడుగుతున్నావు, జవాబూ నువ్వే చెబుతున్నావు. మరి వాళ్ళకేం పని?”

“తప్పు జవాబు చెబితేనో?”

“చెప్పనీ. నా జనం తాళం తప్పరా? కాసేపటికి వాళ్ళే సర్దుకుంటారు.” వయసులో ఉండగా చెన్నైలో ఒక మైదానంలో, ఎవరో కుర్రాడు ఒంటరిగా మ్యూజిక్ మిషన్ల మధ్య నిలబడి అంత జనాన్నీ ఆడించడం చూశారట. “అందరూ అతని మోతకు మురిసిపోయారు. నాకు మాత్రం అతను మధ్యలో ఆపడం నచ్చింది.”

దేవుడి మీద వాదానికి దిగబోయాను. “అది ఆదివారం మాట్లాడుకుందాం. ఇవాళ మంగళవారం” అన్నారు.

ఆ తర్వాతే నాంచారమ్మ సంగతి వచ్చింది. ఆ ఏడు దర్శి దగ్గరి ఆ ఊళ్ళో మిరపతోటలకు బొబ్బర తెగులు తగిలి ఆకులన్నీ ముడుచుకుపోయాయి. నాంచారమ్మే చేతబడి చేసిందని వీరయ్య అనే రైతు లేవదీశాడు. ఊరు నమ్మింది. ఆదివారంలోగా ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఆలోగా అక్కడ సభ పెట్టాలనుకున్నాం. సభకు జనం రావాలంటే పాట కావాలి. సువార్తమ్మ గారిని అడిగితే సరేనన్నారు.

“నాస్తికుల సభకి వస్తే మీ చర్చి పెద్దలు ఊరుకుంటారా?”

“ముసలిదాన్ని తరమమని బైబిల్లో ఏ వాక్యంలో ఉందో చూపించమన్నాను. వెతుకుతున్నారు.”

సభనాడు పొద్దు వాలుతుండగా ఆమె వాయించారు. ఊరు ఊరంతా వచ్చింది. వీరయ్య కూడా చప్పట్లు కొట్టాడు. చప్పట్లు మంచి ఊపులో ఉండగా బీటు ఆపి, నా వైపు చూశారు. మైకు అందుకున్నాను. “నాంచారమ్మ చేతబడి చేస్తుండగా మీలో చూసిందెవరు?”

బొబ్బర తెచ్చే వైరస్ గురించి, దాన్ని మోసే తెల్లదోమ గురించి నా దగ్గర ఉపన్యాసం సిద్ధంగా ఉంది. నోరు తెరవబోయాను. ఆమె కీబోర్డు వెనక చెయ్యి ఎత్తి అలాగే ఉంచారు. ఆగాను. అంత బరువైన పని నేనెన్నడూ చేయలేదు.

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు. “నాంచారమ్మ కౌలు చేలోనూ తగిలింది గదా బొబ్బర?”

“అవునురోయ్! తన తోటకి తనే చేతబడి చేసుకుందంటావా, ఏరా వీరయ్యా?”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఊరంతా పాకింది. “నేను ఒట్టినే అనుమానపడ్డానంతే” అని గొణిగాడు వీరయ్య. తెల్లదోమ గురించి ఆ తర్వాత చెప్పాను. అప్పుడు విన్నారు. నాంచారమ్మ ఇల్లు కదల్లేదు.

సువార్తమ్మ గారు ఇప్పుడు లేరు. ఆమె ప్రార్థించిన దేవుణ్ణి నేను ఇవాళ్టికీ నమ్మను. ఆమె ఎత్తిన చేతిని మాత్రం నమ్ముతాను. మా సంఘంలో వాదంలో గెలవడానికే నాకు తర్ఫీదు ఇచ్చారు. ఎదుటివాడికి చోటు వదలడం నేర్పింది ఆమె ఒక్కరే.

మొన్న కూడా ప్రశ్న అడిగి ఆగాను. మిరపఘాటుకు సభంతా దగ్గింది. దగ్గులు ఆగాయి. నేనింకా ఆగే ఉన్నాను. ముందు వరుసలో కుర్చీ పట్టుకుని ఒక ముసలావిడ మెల్లగా లేచింది. నాంచారమ్మ.

“నాకో అనుమానం అమ్మాయ్” అంది.