తాడు పట్టుకుని నేర్చిన ఫ్రెంచ్

నా చిన్నప్పుడు మా జాలరిపేటలో ఫ్రెంచ్ పుస్తకం పట్టిన మొదటి పిల్లను నేనే, దాన్ని చూసి భోరుమన్న మొదటి పిల్లనూ నేనే. తొంభైలనాటి మాట. మా అమ్మ పూర్ణా మార్కెట్లో చేపలమ్ముతూ నన్ను కాన్వెంటులో వేసింది. అక్కడ తెలుగులోనే ‘నేను’ అనే బదులు ‘నాను’ అంటే పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఇక ఫ్రెంచ్ నోటికెలా వస్తుంది? ఇంట్లో బాగానే అప్పజెప్పేదాన్ని. క్లాసులో లేచి నిలబడితే చాలు, నాలుక పిడచకట్టుకుపోయేది.

ఏడాది చివర, ఓ సోమవారం నోటి పరీక్ష. ‘ఉండు’ అనే క్రియ నేను, నువ్వు, అతను అన్నప్పుడు ఎలా మారుతుందో అందరి ముందూ చెప్పాలి. తప్పితే ఆ క్లాసే మళ్ళీ చదవాలి. అదే జరిగితే బడి మాన్పించి చేపలబుట్ట నెత్తికెత్తుతానని అమ్మ తేల్చి చెప్పేసింది. అమ్మ మాటంటే మాటే. నాకేమో చదువంటే ప్రాణం.

ఆదివారం పొద్దున్న ఒడ్డున కూర్చుని గొణుక్కుంటుంటే, పెద్దవల లాగుతున్న మా తాతయ్య చూశాడు. ఆ వల తాడుకు బోలెడుమంది ఉంటారు. ఒకరు ముందు కేకేస్తే, మిగతావాళ్ళు ‘ఐలేసా’ అంటూ ఒక్కసారే లాగాలి.

“ఏటే గుంటా, నీలో నువ్వే గొణుక్కుంటన్నావ్? ఇలా వచ్చి తాడట్టుకో. ఆ సదువేదో నువ్వు కేకెయ్యి, మేం లాగతాం.”

“నవ్వుతారు తాతా.”

“వల లాగినోడికి నవ్వడానికి ఊపిరేదే? మొదలెట్టు.”

“జె స్వీ”, అంటే ‘నేనున్నాను’, అన్నాను పీలగా. “ఐలేసా” అని వెనకనుంచి అందరూ అందుకున్నారు. తాడు కదిలింది. నా మాటకి తాడు కదలడమేమిటని నాకే ఆశ్చర్యం వేసింది. “త్యు ఎ” అని ఇంకాస్త గట్టిగా అన్నాను. వల ఒడ్డెక్కేసరికి గొంతు బొంగురుపోయింది, అరచేతులు మండిపోయాయి. ఎవ్వరూ నవ్వలేదు.

మర్నాడు క్లాసులో “జె స్వీ” అని, అలవాటుగా ఆగాను. ఎవరూ అందుకోలేదు. కంగారులో పిడికిళ్ళు బిగించి, లేని తాడును లాగుతూ “ఐలేసా” అని నేనే అనేశాను. క్లాసంతా గొల్లుమంది. అంతే, ఇక బుట్టే గతి అనుకున్నాను.

మా ఫ్రెంచ్ టీచరుగారు మాత్రం నవ్వలేదు. ఇదేమిటమ్మా అని మెల్లగా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పిల్లలవైపు తిరిగి, “పాపం, ఒక్కత్తే లాగుతోంది. మీరంతా కూర్చుని చూస్తారేం? పట్టండి” అన్నారు. మొదటి ఐలేసా ఆవిడే అన్నారు. తర్వాత ముందు బెంచీలు, ఆ తర్వాత వెనక బెంచీలు. క్రియ మొత్తం తప్పులేకుండా చెప్పేశాను. పాసయ్యాను. ఆ సాయంత్రం అమ్మ బేరానికి ఇవ్వకుండా దాచిన వంజరం చేప ముక్క నా కంచంలో వేసింది.

ఇప్పుడు జుట్టు నెరిసింది, ఫ్రెంచ్ చాలావరకు మర్చిపోయాను. పదిమందిలో లేచి నిలబడితే ఇప్పటికీ భయమే. మొదటి మాట అని ఒక్క క్షణం ఆగుతాను. తాతయ్య లేడు, తాడూ లేదు. అయినా నా చెవుల్లో వెనకనుంచి మావాళ్ళు ‘ఐలేసా’ అని అందుకుంటారు, మాట కదులుతుంది.